ఎత్తునుండి పడిన కార్మికుని కాపాడుట ఎట్లు?

దోమలగూడ, అశోక్ నగర్, చిక్కడపల్లి ప్రాంతములలో పెరడు, బావి ఉన్న పాత ఇండ్లు ఒకటొకటిగా అపార్టుమెంటులైపోయినవి. 2023లో ప్రారంభమైన ఉక్కు వంతెన ఇందిరా పార్కు నుండి వి.ఎస్.టి. వైపు మన తలలమీదుగా సాగుచున్నది. ఈ కట్టడముల వెనుక పాలమూరు నుండియు, ఇతర రాష్ట్రముల నుండియు పొట్ట చేతపట్టుకొని వచ్చిన కార్మికుల చెమట ఉన్నది. ఇంటికి రంగులు వేయించినను, మేడమీది నీళ్ల ట్యాంకు కడిగించినను ఒక మనిషి మన కొరకు ఎత్తునకు ఎక్కును. కావున ఈ విషయము మేస్త్రీలకే గాక ప్రతి గృహస్థునకు తెలిసియుండవలెను.

కొన్ని ఏండ్ల క్రిందట మా వీధిలో రంగులు వేయు యువకుడొకడు రెండవ అంతస్తు గోవ మీదనుండి జారిపడెను. నలుగురు పరుగెత్తి వచ్చి చేతులు, కాళ్లు పట్టి లేవనెత్తిరి. కూర్చుండబెట్టి సోడా త్రాగించిరి. నేను చేరునప్పటికి ఆటోలో ముడుచుకొనునట్లు కూర్చుండబెట్టి తీసికొనిపోయిరి. పడిన వెంటనే పాదములు కదిపినాడని చూచినవారు చెప్పిరి. ఆసుపత్రికి చేరిన పిదప కదపలేకపోయెనని తరువాత తెలిసినది. దోషమంతయు ఎత్తిన తీరుదేనని నిర్ధారణగా చెప్పజాలను. దెబ్బతిన్న వెన్నులో వాపు పెరిగినను అట్లు జరుగవచ్చును. కాని విరిగిన వెన్నుపూసను వంచుట ఎంతటి అపాయమో ఆ నలుగురికీ తెలియదు. వారు మంచివారే. చెప్పినవారు లేకపోయిరి.

శాస్త్రము చెప్పునది

సుశ్రుత సంహితలో భగ్నములకు కారణములు చెప్పుచోట మొదటి పేరు పతనమే. కీలు తప్పుట ఆరు విధములనియు, ఎముక విరుగుట పండ్రెండు విధములనియు ఆచార్యుడు విభజించెను. శరీరమున 107 మర్మస్థానములు కలవు. వానిలో శిరస్సు, హృదయము, వస్తి అను మూడును ప్రాణమునకు ముఖ్యాధారములు. ఎత్తునుండి పడినవానికి పైకి గాయము కనబడకున్నను ఈ మూటికిని దెబ్బ తగిలియుండవచ్చును.

విరిగిన వానిని ఎట్లు పరుండబెట్టవలెనో కూడ ఆచార్యుడు చెప్పెను. దీనికి కపాటశయనమని పేరు. బల్లచెక్కపై పరుండబెట్టి, ఐదు మేకులు నాటి, అవయవము కదలకుండ బంధింపవలెను. తొడ, పిక్క ఎముకలకే గాక నడుము, వెన్ను, రొమ్ము భగ్నములకును ఇదియే పద్ధతి. నేడు అంబులెన్సులలో కనబడు గట్టి బల్లను చూచినప్పుడెల్ల నాకీ విధానమే జ్ఞప్తికి వచ్చును. విరిగినదానిని కదపకుండుటయే ప్రథమ చికిత్స.

వెంటనే చేయవలసినవి

1. ముందుగా మీ క్షేమము చూచుకొనుడు. తెగిన విద్యుత్తు తీగ, ఊగుచున్న గోవ కర్రలు, పైనుండి జారు ఇటుకలు ఉన్నవేమో గమనింపుడు. విద్యుత్తు తగిలి పడినవానిని, కరెంటు ఆపక ముందు తాకరాదు.

2. 108కి ఫోను చేయుడు. ఈ సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే ఆరంభమైనది. ఎంత ఎత్తునుండి పడెను, స్పృహ ఉన్నదా, దగ్గరి గుర్తు ఏమి అను సంగతులు చెప్పవలెను. ఒకరిని సందు మొదట నిలుపుడు. మన ఇరుకు వీధులలో వాహనము ఇల్లు వెదకుచు కాలము పోగొట్టుకొనరాదు.

3. ప్రమాదస్థలము సురక్షితమైన యెడల రోగిని కదపకుడు. ఒకరు తలవైపు మోకరిల్లి, రెండు చేతులతో తలను ఉన్నది ఉన్నట్లే నిలిపి పట్టుకొనవలెను. "తల ఊపవద్దు, నోటితో సమాధానము చెప్పు" అని ధైర్యము చెప్పవలెను.

4. పిలిచినను పలుకక, శ్వాస లేకున్నను, ఎగశ్వాస మాత్రమే ఉన్నను, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషమునకు 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండ, 6 మించకుండ నొక్కవలెను. వెన్ను కొరకు సంకోచించి ప్రాణము పోగొట్టరాదు.

5. రక్తము కారుచున్నచో శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టవలెను. గ్రుచ్చుకొన్న ఇనుపచువ్వను లాగరాదు. దానిచుట్టు బట్ట పేర్చి కదలకుండ చేయవలెను.

6. వాంతి వచ్చినచో ముగ్గురు నలుగురు కలిసి, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండునట్లు, దుంగను దొర్లించినట్లు ఒకేసారి ప్రక్కకు త్రిప్పవలెను.

7. ఎండలో నీడ పట్టవలెను. చలిలో దుప్పటి కప్పవలెను.

రక్షణ బెల్టు తాడునకు వ్రేలాడుచున్నవాడు పడలేదు గదా అని ఉపేక్షింపరాదు. కదలక వ్రేలాడినచో రక్తము కాళ్లలో నిలిచి కొద్ది నిమిషములలోనే స్పృహ తప్పవచ్చును. కాళ్లు ఆడించుచుండుమని చెప్పి, నిచ్చెనయో బల్లయో పాదములకు ఆధారమిచ్చి, వెంటనే దింపి వెల్లకిల పరుండబెట్టవలెను. మీవలన కాకున్న 101కి చెప్పి అగ్నిమాపక దళమును పిలువవలెను.

చేయకూడనివి

నేను ఆయుర్వేద వైద్యుడనే. అయినను ఈ సమయమున ఏ ఇంటి వైద్యమును చేయవద్దని చెప్పుచున్నాను. పసుపు పాలు, సోడా, కల్లు, నీరు ఏదియు నోట పోయరాదు. స్పృహ చాలనివానికి అది ఊపిరితిత్తులలోనికి పోవును. శస్త్రచికిత్స అవసరమైనప్పుడు మత్తు ఇచ్చుటయు కష్టమగును. నూనెతో మర్దనము, కీలు సరిచేయుట, తెరచిన గాయముపై పసుపు సున్నము పట్టువేయుట కూడదు. ఎక్సురే తీయించి, తల, వెన్ను, కడుపు క్షేమమని తేలిన పిదపనే కట్టు వైద్యుల మాట తలపవలెను. ఎత్తునుండి పడినవానిని ముందుగా పుత్తూరు కట్టునకు గాక, గాంధీ, ఉస్మానియా, నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.

"నాకేమియు కాలేదు" అన్నవాని విషయము

కూలి పోవునను భయముతో లేచి నడచువారు కలరు. కాళ్లమీద దిగినవానికి మడమతో పాటు నడుము వెన్నుపూస కూడ విరుగవచ్చును. ప్లీహము చిట్లినచో రక్తము లోలోపలనే కారును. రెండు మూడు మీటర్ల ఎత్తునుండి పడినను పరీక్ష చేయింపక పంపరాదు. ఆ పిదప రెండు దినములు ఒకరు తోడుండవలెను. వాంతులు, తలనొప్పి పెరుగుట, మగత, మాట తడబడుట, ముక్కు చెవులనుండి నీరో రక్తమో కారుట, కడుపు ఉబ్బుట, మూత్రములో రక్తము, మూత్రము బిగియుట, కాలు చేతుల తిమ్మిరి, వీనిలో ఏది కనబడినను మరల ఆసుపత్రికే పోవలెను.

ఆయుర్వేదమునకు తగిన సమయము

ఎముక సరిగా కూర్చబడి, ప్రాణాపాయము గడచిన పిదప మన వైద్యమునకు చోటున్నది. నల్లేరు, లక్క, తెల్లమద్ది భగ్నములందు వాడుక గల ఔషధములు. చికిత్స చేయుచున్న వైద్యునకు తెలిపి, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. పాత బియ్యపు అన్నము, పాలు, నెయ్యి, మాంసరసము పథ్యము. ఉప్పు, పులుపు, కారము మితిమీరుట, ఎండ, శ్రమ, పొడికూడు అపథ్యము. ఇంటికి పోయిన కూలికి పాలు, నెయ్యి ఎక్కడివి? పని చేయించుకొన్నవారు ఒక నెల పథ్యపు ఖర్చు భరించినను గొప్ప వైద్యమే.

ముందుచూపు

కార్మికుల రక్షణ బాధ్యత యజమానిదని 1996లోనే పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. చట్టము మాట అటుంచి, పని మొదలగు ఉదయము మనమే మేడ ఎక్కి చూడవచ్చును. గోవ గట్టిగా కట్టినారా? లిఫ్టు గుంతకు అడ్డు ఉన్నదా? బెల్టు, హెల్మెటు ఉన్నవా? బెల్టు తాడు దేనికి కట్టినారు? ప్రక్కన విద్యుత్తు తీగ ఉన్నదా? ఈ ఐదు ప్రశ్నలకు ఐదు నిమిషములు చాలును. పనివానికి టీ ఇచ్చు ఇల్లాలు సైతము అడుగవచ్చును.

ఆ యువకునికి అప్పటికి ఇరువది రెండేండ్లు. మన గోడకు రంగు వేయవచ్చినవాడు, సాయంకాలము తన కాళ్లతో తాను ఇంటికి పోవలెను. అందుకు తగిన జాగ్రత్త మన గడపలోనే మొదలు కావలెను.