పండకముందే కోసిన కాయ

లేత వయసున వెల్లివిరిసిన ప్రతిభను చూచి లోకము ముచ్చటపడును. దానిని పండనిచ్చు ఓర్పు మాత్రము లోకమున అరుదు. అమెరికా దేశపు బేస్‌బాల్ క్రీడాకారుడు డేవిడ్ క్లైడ్ చరిత్రయే ఇందుకు తార్కాణము.

క్లైడ్ హ్యూస్టన్ నగరమందలి వెస్ట్‌చెస్టర్ ఉన్నత పాఠశాల విద్యార్థి. ఎడమచేతితో బంతి విసరు పిచ్చరు. 1973లో, చదువు ముగియు సంవత్సరమున, అతడు 18 ఆటలు గెలిచెను. ఓడినది ఒక్కటియు లేదు. ఆ దేశమున వృత్తి జట్లు వర్ధమాన క్రీడాకారులను ఏటేట వంతులవారీగా ఎంచుకొందురు. దానినే డ్రాఫ్టు అందురు. ఆ యేటి జూన్ నెలలో తొలి వంతు టెక్సాస్ రేంజర్స్ జట్టుది. క్రిందటి యేడు నూరు ఆటలలో ఓడిన ఆ జట్టు క్లైడ్‌ను కోరుకొని 1,25,000 డాలర్లిచ్చెను.

అట్టి బాలురు సాధారణముగా కొన్నియేండ్లు చిన్న జట్లలో ఆడి ఆరితేరిన పిమ్మటనే పెద్ద ఆటకు వత్తురు. కాని యజమాని బాబ్ షార్ట్‌కు ప్రేక్షకులు కరవైయుండిరి. 18 ఏండ్ల క్లైడ్ పాఠశాలనుండి నేరుగా పెద్ద ఆటకు దింపబడెను. జూన్ 27న ఆర్లింగ్టన్ క్రీడాస్థలము మొట్టమొదటిసారిగా నిండిపోయెను. 35,698 మంది వచ్చిరి. తొలి ఇద్దరు బ్యాటర్లకు క్లైడ్ బంతులు గురి తప్పెను. తరువాతి మువ్వురిని అతడు వరుసగా పెవిలియనుకు పంపెను. రేంజర్స్ 4-3 తేడాతో మిన్నెసోటా ట్విన్స్‌ను గెలిచిరి.

బాలుని చిన్న జట్టుకు పంపి తీర్చిదిద్దవలెనని మేనేజరు వైటీ హెర్జోగ్ కోరెను. టిక్కెట్ల రాబడి ముందు ఆ మాట చెల్లలేదు. ఆ యేడు క్లైడ్ గెలిచినవి 4, ఓడినవి 8. పిదప భుజము చెడెను. 1976లో శస్త్రచికిత్స జరిగెను. 1978, 79లలో క్లీవ్‌లాండ్ జట్టున ఆడిన తరువాత అతనికి పెద్ద ఆటతో ఋణము తీరెను. పింఛనుకు వలయు నాలుగేండ్ల సేవకు సైతము కొలది వారములు తక్కువపడెను. ఆపై కలప వ్యాపారము అతనికి జీవనాధారమయ్యెను.

తొందరపాటు అందరిని చెరచునని చెప్పరాదు. అదే డ్రాఫ్టులో నాలుగవవాడైన డేవ్ విన్‌ఫీల్డు కూడ చిన్న జట్ల మెట్టెక్కకయే పెద్ద ఆటలో చేరి కీర్తిశిఖరము నందెను. కాని అతడు అప్పటికి విశ్వవిద్యాలయమున ఆడి, 21 ఏండ్లు నిండినవాడు. ఎవరికెంత గడువు కావలయునో గుర్తించుట గురువుల పని. ఆ గడువు నిచ్చుట పెద్దల ధర్మము.

పెద్ద ఆటలో క్లైడ్ గెలిచినవి మొత్తము 18, ఓడినవి 33. పాఠశాలలో ఒక్క యేట సాధించినన్ని విజయములే అక్కడ ఐదు యేండ్లకు చేకూరినవి.