రోజుకు పాతిక గంటలు

అట్లాంటిక్ మీద పడమటి దిక్కుగా సాగే ఓడలో దంపతులకు దక్కే అసలు విశ్రాంతి

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్ రేవు నుంచి న్యూయార్క్‌కు ఏడు రాత్రుల్లో చేరే క్వీన్ మేరీ 2 ఓడలో దంపతులకు దక్కేవాటిలో అన్నిటికంటే విలువైనది టికెట్ మీద ఎక్కడా కనిపించదు. ఆ ఏడు రాత్రుల్లో అయిదు రాత్రులు ఓడలోని గడియారాలు ఒక్కో గంట వెనక్కి జరుగుతాయి, అంటే ఆ ప్రయాణంలో అయిదు రోజులకు పాతికేసి గంటలుంటాయి. బ్రిటన్‌కూ న్యూయార్క్‌కూ మధ్య ఉన్న అయిదు గంటల తేడాను విమానం ఒక్క పూటలో ప్రయాణికుడి నెత్తిన పడేస్తుంటే, ఓడ అదే తేడాను వాయిదాల మీద, అదీ నిద్రపోతున్న వేళ, చేతికి అందిస్తుంది. సెలవుల సంచికలో విలాస నౌకాయానం గురించిన కథనం అంటే షాండిలియర్లు, విందులు, మెట్ల వరసలు వర్ణించడం ఆనవాయితీ అయినా, అవన్నీ నేల మీది మంచి హోటల్లోనూ దొరికేవే కాబట్టి, నేల మీద ఎంత డబ్బు పోసినా దొరకని ఆ అయిదు గంటలనే ఈ కథనం ప్రధానంగా పరిశీలిస్తుంది.

మంచం మీది కాగితం

ప్రతి సాయంత్రం దంపతులు భోజనానికి వెళ్లిన సమయంలో గదిని చూసుకునే స్టూవర్డ్ పక్క సర్ది, మరునాటి కార్యక్రమ పత్రాన్ని అక్కడ ఉంచి వెళ్తాడు. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు, ఉదయం జరిగే ఉపన్యాసం, నాట్యశిక్షణ, ప్లానిటేరియం ప్రదర్శన, క్వీన్స్ రూమ్ అనే నాట్యశాలలో తెల్లని చేతితొడుగులు ధరించిన పరిచారకులు అందించే మధ్యాహ్నపు తేనీరు, రాత్రి భోజనానికి వేసుకోవలసిన దుస్తుల తీరు, ఇలా మేలుకున్న ప్రతి గంటకూ ఏదో ఒక వ్యాపకం ఆ కాగితంలో సూచించి ఉంటుంది. వాటి మధ్యనే, రాత్రి రెండు గంటలకు గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుకోవాలని చెప్పే చిన్న వాక్యం కూడా ఉంటుంది. పత్రంలోని మిగిలిన పంక్తులన్నీ గంటలను ఎలా ఖర్చు పెట్టాలో చెబుతుండగా ఈ పంక్తి ఒక్కటే ఒక గంటను అదనంగా ఇస్తుంది. పైగా ఆ గంట అర్ధరాత్రి దాటాక వచ్చేది కనుక, దానికి ఏ కార్యక్రమమూ కేటాయించడం సాధ్యం కాదు.

ఈ గంట ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే రేఖాంశాల లెక్క చూడాలి. భూమి తన చుట్టూ తాను 360 డిగ్రీలు తిరగడానికి 24 గంటలు పడుతుంది కనుక పదిహేను డిగ్రీల రేఖాంశానికి ఒక గంట చొప్పున కాలం మారుతుంది. సౌతాంప్టన్‌కూ న్యూయార్క్‌కూ మధ్య రేఖాంశ భేదం 72 డిగ్రీల పైచిలుకు, అంటే దాదాపు అయిదు గంటలు. ఓడ వేగం ఇరవై నాట్‌ల ప్రాంతంలో ఉంటుంది; నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అనగా 1.852 కిలోమీటర్లు. ఆ వేగంతో ఆ అక్షాంశాల దగ్గర పడమరకు సాగే ఓడ రోజుకు పదకొండు, పన్నెండు డిగ్రీలు దాటుతుంది కాబట్టి, గడియారాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే సూర్యుడు రోజూ సుమారు ముప్పావుగంట ఆలస్యంగా ఉదయిస్తున్నట్టు కనిపిస్తాడు. పంచాంగం చూసే అలవాటున్న తెలుగు ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు, ఒక ఊరికి గణించిన వేళను మరో ఊరికి సరిపెట్టేటప్పుడు పంచాంగకర్తలు చేసే దేశాంతర సంస్కారం, అంటే రేఖాంశ భేదాన్ని బట్టి చేసే దిద్దుబాటు, ఇదే. అమెరికాలోని తెలుగువారు అక్కడి ఊళ్లకు వేరుగా గణించిన పంచాంగం వాడటానికి కారణమూ ఇదే. ఆ లెక్కలో చెప్పాలంటే ఓడ ఒక్కో రాత్రికి రెండున్నర గడియలు ప్రయాణికుల ఖాతాలో జమ చేస్తుంది.

ఏ రాత్రి గడియారం తిప్పాలో, ఏ రాత్రి వదిలేయాలో నిర్ణయించే అధికారం కెప్టెన్‌ది. ఓడను నడిపే గదిని బ్రిడ్జి అంటారు. అక్కడ నౌకాయాన, రేడియో వ్యవహారాలకు ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉండే సమన్వయ సార్వత్రిక కాలాన్ని పాటిస్తారు కనుక, ఒకే ఓడలో రెండు కాలాలు పక్కపక్కనే నడుస్తుంటాయి. మధ్యాహ్నం పన్నెండింటికి బ్రిడ్జి నుంచి వినిపించే ప్రకటనలో ఓడ ఉన్న అక్షాంశ రేఖాంశాలు, దాటిన దూరం, గాలి వేగం, అలల తీరు, కింద సముద్రపు లోతు చెబుతారు. కనుచూపు మేరలో కొండ గుర్తుగానైనా చెప్పుకోవడానికి ఏమీ లేని చోట, ఆ రెండు అంకెలే దంపతులకు తాము ఎక్కడున్నారో తెలిపే చిరునామా.

శరీరం ఒప్పుకొనే దిక్కు

నిద్రను, మెలకువను, శరీర ఉష్ణోగ్రతను రోజువారీ లయలో నడిపే అంతర్గత వ్యవస్థను జీవగడియారం అంటారు. చార్లెస్ సైస్లర్ నాయకత్వంలోని హార్వర్డ్ పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బయటి వెలుతురు ప్రభావం తొలగించి చూస్తే మనిషి జీవగడియారం ఒక చుట్టు తిరగడానికి సగటున 24 గంటల 11 నిమిషాలు పడుతుంది. అంటే శరీరం సహజంగానే రోజును కాస్త సాగదీయాలని చూస్తుంది. అందుకే ఒక గంట ఆలస్యంగా పడుకోవడం తేలిక, ఒక గంట ముందుగా నిద్ర తెచ్చుకోవడం కష్టం. పడమటి ప్రయాణం రోజును పొడిగిస్తుంది, తూర్పు ప్రయాణం కుదిస్తుంది. కాబట్టి పడమరకు, అందులోనూ రోజుకు గంటకు మించకుండా సాగే ప్రయాణంలో, జెట్‌లాగ్ అనే బాధ, అంటే జీవగడియారానికీ ఊరి గడియారానికీ పొత్తు కుదరక కలిగే నిద్రలేమి, మందకొడితనం దరిచేరే అవకాశం చాలా తక్కువ.

ఇదే ఓడ న్యూయార్క్ నుంచి సౌతాంప్టన్‌కు తిరిగి వచ్చేటప్పుడు లెక్క తలకిందులవుతుంది. అప్పుడు గడియారాలను రాత్రి కాకుండా మధ్యాహ్నం పూట ముందుకు జరుపుతారు, పన్నెండు కొట్టగానే ఒంటిగంట అవుతుంది. నిద్రకు కోత పడకుండా చేసిన ఈ ఏర్పాటు మంచిదే అయినా, పోయే గంట మెలకువలోని గంటే. అయిదు రోజులు ఇరవై మూడేసి గంటలకు కుదించుకుపోతాయి. తూర్పు విమానం మరింత అలసట కలిగిస్తుంది కనుక ఓడను ఆ దిక్కుకే వాడుకోవాలని వాదించేవారి మాటలో బలం లేకపోలేదు. అయితే అలసటను తప్పించుకోవడం వేరు, విశ్రాంతిని సంపాదించుకోవడం వేరు. సెలవు కోరి వెళ్లే దంపతులకు కావలసింది రెండోది.

రేవు లేని వారం

మామూలు విహారనౌక రోజుకో రేవులో ఆగుతుంది. తెల్లవారకముందే లేవడం, బస్సుల కోసం వరసలో నిలబడటం, ఏ ఊళ్లో ఏం చూడాలో, ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకోలేక భార్యాభర్తలు మాటా మాటా అనుకోవడం దాని వెంటే వస్తాయి. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు నేరుగా సాగే ప్రయాణంలో నడుమ ఆగే రేవు లేదు. చూడవలసినది లేదు కాబట్టి చూడలేకపోయామనే బెంగా లేదు. ఏడో అంతస్తు చుట్టూ ఉండే చెక్క పరిచిన నడవలో మూడు చుట్లు వేస్తే సుమారు 1.8 కిలోమీటర్లు, ఆ నడవ పొడవునా చెక్క పడకకుర్చీలు వరసగా వేసి ఉంటాయి. గాలి ఎదురుగా వీచే పక్కన నడిచేవారు ముందుకు వంగి అడుగు వేయాలి, అటు తిరిగి రెండో పక్కకు రాగానే అదే గాలి సద్దుమణుగుతుంది, మాటలు వినిపిస్తాయి. వేల పుస్తకాలున్న గ్రంథాలయంలో కిటికీల పక్కన కూర్చుని ఇద్దరూ చెరో పుస్తకం పట్టుకుని గంటల తరబడి మాట్లాడుకోకపోయినా అది అలక కిందకు రాదు. సంసారంలో దంపతులకు కరువయ్యేది డబ్బు కంటే ముందు ఇలాంటి తీరికే అన్నది ఈ కథనం గట్టిగా నమ్మే మాట.

ఆ తీరికను నిలబెట్టేది ఓడ నిర్మాణం. స్టీఫెన్ పేన్ రూపకల్పన చేసిన ఈ ఓడను ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్ నౌకానిర్మాణశాలలో కట్టారు. పొడవు 345 మీటర్లు. లైనర్ అంటే ఏ ఋతువులోనైనా నిర్ణీత వేళకు మహాసముద్రాన్ని దాటడానికి కట్టిన ఓడ. విహారనౌక కంటే దాని లోహపు పొట్ట దృఢంగా, ముక్కు పొడవుగా, నీటిలో మునిగే భాగం లోతుగా ఉంటాయి. స్టెబిలైజర్లనే పక్కరెక్కలు ఓడ అటూ ఇటూ ఒరగడాన్ని బాగా తగ్గిస్తాయి గాని ముందు వెనుకలుగా ఊగడాన్ని ఆపలేవు. గరిష్ఠ వేగం ముప్పై నాట్‌ల వరకు ఉన్నా, తొలినాళ్లలో ఆరు రాత్రుల్లో పూర్తయిన ప్రయాణాన్ని తర్వాత ఏడుకు పెంచారు. వేగం తగ్గితే ఇంధనం ఆదా అవుతుంది, ప్రయాణికులకు మరో రోజు కలిసి వస్తుంది.

చరిత్రను క్లుప్తంగా చెప్పుకుంటే, 1840లో కునార్డ్ సంస్థ బ్రిటానియా అనే ఆవిరి ఓడతో లివర్‌పూల్ నుంచి హాలిఫాక్స్ మీదుగా బోస్టన్‌కు తపాలాను, ప్రయాణికులను చేరవేయడం మొదలుపెట్టింది; 1842 జనవరిలో చార్లెస్ డికెన్స్, కేథరీన్ దంపతులు నలుగురు పిల్లలను ఇంటి దగ్గర వదిలి ఆ ఓడలోనే ఇరుకు గదిలో, తుపానుల మధ్య అమెరికా చేరారు; 1912లో టైటానిక్ మునిగాక 1914 నుంచి మంచుకొండల మీద అంతర్జాతీయ నిఘా ఏర్పడింది; 1936లో తొలి క్వీన్ మేరీ వచ్చింది; 1952లో యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ తూర్పు దిక్కుగా 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో అట్లాంటిక్ దాటింది; 1958 అక్టోబరులో జెట్ విమానాలు ఆ దారి పట్టడంతో ఓడల కాలం చెల్లింది; 2004లో సేవలు ప్రారంభించిన క్వీన్ మేరీ 2 ఒక్కటే నేడు ఆ మార్గంలో క్రమం తప్పకుండా నడుస్తున్న లైనర్.

గంటకు మరో పక్క

దంపతులు నిద్రలో అందుకునే గంట ఓడను నడిపేవారికి నిద్ర కాదు. రాత్రి రెండింటికి గడియారం ఒంటిగంటకు తిరిగినప్పుడు ఆ గంట ఎవరో ఒకరి కాపలాలో కలవాల్సిందే. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం సిబ్బందికి ఏ ఇరవై నాలుగు గంటల్లోనైనా కనీసం పది గంటల విశ్రాంతి, వారానికి కనీసం 77 గంటల విశ్రాంతి ఇవ్వాలి. భారతదేశం 2015లో దీన్ని ఆమోదించింది. ప్రపంచ విహారనౌకల్లో గదులు సర్దేవారిలో, వంటశాలల్లో పనిచేసేవారిలో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారి శ్రమకు రోజువారీ సేవా రుసుము బిల్లులో కలిసే ఉంటుంది గాని, చివరి రాత్రి కలిసి పేరు పెట్టి పిలిచి కృతజ్ఞత చెప్పడం ఏ బిల్లూ చేయలేని పని. పర్యావరణం మాటకొస్తే, ఇంత బరువైన ఓడ వారం పాటు మండించే ఇంధనం మనిషికి ఇంత అని లెక్కిస్తే విమానానికి అయ్యేదాని కంటే తక్కువేమీ కాదు. నెమ్మదిగా వెళ్తుంది కనుక శుభ్రంగా వెళ్తుందనే భ్రమ ఎవరికీ అక్కర్లేదు.

ఓడ మీద పెళ్లి

క్వీన్ మేరీ 2 వెనుక భాగాన పేరు కింద సౌతాంప్టన్ అని కాక హామిల్టన్ అని రాసి ఉంటుంది. బ్రిటన్ చట్టం ప్రకారం నడిసముద్రంలో కెప్టెన్ జరిపే పెళ్లి చెల్లదు. 2011లో ఈ ఓడను నడిపే కునార్డ్ సంస్థ తన ఓడల నమోదును బెర్ముడా రాజధాని హామిల్టన్‌కు మార్చడంతో, మరుసటి ఏడాది నుంచి కెప్టెన్లు చట్టబద్ధంగా పెళ్లిళ్లు జరిపించే వీలు కలిగింది.

పన్నెండో అంతస్తు అతిథులు

పెంపుడు కుక్కలను, పిల్లులను వెంట తీసుకెళ్లడానికి ఈ ఓడ పన్నెండో అంతస్తులో ప్రత్యేక గదులున్నాయి. 2016 మరమ్మతుల్లో వాటి సంఖ్యను 24కు పెంచారు. రెండు దేశాల కుక్కలకూ అలవాటైన ఆనవాళ్లుగా అక్కడ బ్రిటన్ వీధిదీపపు స్తంభాన్ని, అమెరికా వీధుల్లో అగ్నిమాపక దళం వాడే నీటి గొట్టాన్ని నిలబెట్టారు.

బయల్దేరే తెలుగు దంపతులకు

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి బ్రిటన్ వీసా, అమెరికా వీసా రెండూ ముందుగానే చేతిలో ఉండాలి. ఉత్తర అట్లాంటిక్ శీతాకాలంలో ఉగ్రంగా ఉంటుంది, వేసవి నెమ్మది. అయితే వెచ్చని గల్ఫ్ స్ట్రీమ్, చల్లని లాబ్రడార్ ప్రవాహం కలిసే న్యూఫౌండ్‌లాండ్ ప్రాంతంలో వేసవిలోనూ పొగమంచు పడుతుంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తు గది ఎంచుకోవాలి. శాకాహారులు బుకింగ్ సమయంలోనే ఆ మాట రాయించాలి. నడిసముద్రంలో ఫోన్ గడియారం దానంతటదే సరిగా మారుతుందని నమ్మకుండా, ఓడ గడియారాన్ని చూసి తిప్పుకోవాలి.

ఏ దిక్కుకు వెళ్లాలి

పిల్లలను చూడటానికి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో న్యూయార్క్, న్యూజెర్సీలకు వెళ్లే తల్లిదండ్రులకు ఈ లెక్క నేరుగా వర్తిస్తుంది. వేసవిలో మనకూ న్యూయార్క్‌కూ ఉన్న తేడా తొమ్మిదిన్నర గంటలు, ఆ మొత్తాన్నీ విమానంలో ఒక్కసారిగా మోసేవారికి మనవల ఇంట్లో తొలి వారం పగటి నిద్రల్లోనే గడిచిపోతుంది. లండన్ వరకు విమానంలో వెళ్తే నాలుగున్నర గంటలు తీరిపోతాయి. మిగిలిన అయిదు గంటలను ఓడ రోజుకొకటి చొప్పున తీర్చి, ఇద్దరినీ నిద్ర చాలిన ముఖాలతో బ్రూక్లిన్ రేవులో దించుతుంది. ఖర్చు విమానం కంటే ఎక్కువే, అందరికీ అందేదీ కాదు; ఏటేటా చేయదగినదీ కాదు. కానీ జీవితంలో ఒక్కసారి ఆ స్తోమత, ఆ తీరిక కలిసి వచ్చిన దంపతులు దిక్కు విషయంలో మాత్రం పొరబడకూడదు: పడమరకు ఓడలో వెళ్లాలి, తూర్పుకు విమానంలో తిరిగి రావాలి, ఆ అయిదు రాత్రులూ కార్యక్రమ పత్రాన్ని పక్కన పెట్టి పెందలాడే నిద్రపోవాలి.