గుమాస్తా ఎందుకు పలకడం లేదు?

బాలలూ! మీరు ఇంట్లో స్విచ్చి వేశారు. బల్బు వెలగలేదు. వెంటనే బల్బు పగలగొట్టి కొత్తది తెస్తారా? తేరు గదా! ముందు పక్క గదిలో స్విచ్చి వేసి చూస్తారు. అక్కడా వెలగకపోతే ఇంట్లో కరెంటు లేదన్నమాట. అక్కడ వెలిగితే లోపం ఈ గదిలోనే ఉంది. అప్పుడు బల్బు తీసి పక్క గదిలో పెట్టి చూస్తారు. ఇలా ఒక్కొక్క ప్రశ్న వేసుకుంటూ, అనుమానాన్ని సగం సగం తగ్గించుకుంటూ వస్తారు. ఇదేమీ కొత్త విద్య కాదు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు చేసే పని కూడా ఇదే.

కాని కంప్యూటరు మొరాయించేసరికి పెద్దవాళ్ళు కూడా ఈ విద్య మరచిపోతుంటారు. ఆ మధ్య మా ఊళ్ళో జరిగిన సంగతి చెబుతాను, వినండి.

నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి ఇప్పుడు ఇనుప సామాను కొట్టు నడుపుతున్నాడు. మేకులు, పైపులు, సిమెంటు, రంగులు అన్నీ అమ్ముతాడు. కొట్లో రెండు కంప్యూటర్లున్నాయి. వెనక గదిలో ఉన్నదానిలో లెక్కలన్నీ ఉంటాయి. ముందు కౌంటరు మీద ఉన్నదానితో బిల్లులు వేస్తారు. జూలై నెల 10వ తేదీ అది. ముందు రాత్రి గాలివానకు కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది. పొద్దున్నే కొట్టు తెరిచి బిల్లు వేయబోతే, “డేటాబేస్‌తో సంబంధం కుదరలేదు” అని కౌంటరు కంప్యూటరు తెర మీద పడింది. నాలుగుసార్లు ప్రయత్నించినా అదే మాట.

మరునాడు 11వ తేదీ. నెలనెలా జీఎస్టీ లెక్కలు పంపే వ్యాపారులు ముందు నెల అమ్మకాల వివరాలను ఆ తేదీలోగా పంపాలి. అంతకన్నా ముఖ్యం, ఊళ్ళో మేస్త్రీలు మూడేళ్ళుగా పెట్టిన బాకీల పద్దులన్నీ ఆ వెనక గది కంప్యూటరులోనే ఉన్నాయి. వాటికి నకలు ఉందా అంటే, చివరిసారి తీసింది ఉగాదికి!

కొట్లో పనిచేసే కుర్రవాడు చురుకైనవాడే. “వెనక గదిలో ఉన్నదంతా తీసేసి మళ్ళీ కొత్తగా వేస్తే బాగవుతుందండీ” అన్నాడు. ఆ మాటకు మా శిష్యుడికి గుండె జారి నాకు ఫోను చేశాడు. “నేను వచ్చేదాకా ఏదీ తీయకండి. తెర మీద ఏముందో అక్షరం పొల్లు పోకుండా కాగితం మీద రాసి పెట్టండి” అని చెప్పి బయలుదేరాను.

నేను కొట్టు చేరేలోగా అసలు ఈ సంబంధం ఏమిటో మనం తెలుసుకుందాం.

కనబడని గుమాస్తా

వెనకటి రోజుల్లో పెద్ద కొట్లలో చిట్టా, ఆవర్జా అని పుస్తకాలుండేవి. ఏ రోజు లావాదేవీలు ఆ రోజు చిట్టాలో రాసేవారు. ఎవరి ఖాతా వారికి విడదీసి ఆవర్జాలో ఎక్కించేవారు. ఇవి రాయడానికి ఒక గుమాస్తా ఉండేవాడు. యజమాని అడిగితే ఆయన పుస్తకం తిరగేసి, “ఫలానావారు ఇంత బాకీ” అని చెప్పేవాడు. వచ్చినవాళ్ళెవరూ తిన్నగా వెళ్ళి పుస్తకంలో రాయడానికి వీల్లేదు.

కంప్యూటరులో కూడా ఇటువంటి ఏర్పాటే ఉంది. మనకు తెర మీద కనబడే బిల్లుల ప్రోగ్రాము ఒకటి. కనబడకుండా పనిచేసే డేటాబేస్ సర్వర్ అనే ప్రోగ్రాము ఇంకొకటి. ఈ రెండోవాడే మన గుమాస్తా. ఇద్దరెందుకు అంటారా? గోదాములో సిమెంటు బస్తా ఒక్కటే మిగిలిందనుకోండి. రెండు కంప్యూటర్ల దగ్గర ఇద్దరు ఒకే క్షణంలో దాన్ని అమ్మితే ఏమవుతుంది? ఇద్దరూ తిన్నగా పుస్తకంలో రాస్తే ఒకే బస్తా రెండుసార్లు అమ్ముడుపోతుంది! గుమాస్తా ఉంటే, ఒకరి మాట పూర్తిగా రాసుకున్నాకే రెండోవారి మాట వింటాడు. “బస్తా అయిపోయింది” అని చెబుతాడు.

ఈ లెక్కలను వరుసలు, నిలువు గడులు గల పట్టికలుగా అమర్చి, వాటి మధ్య సంబంధాలను గణితశాస్త్రం ప్రకారం చూడవచ్చునని ఐబీఎం సంస్థలో పనిచేసిన ఇ. ఎఫ్. కాడ్ 1970లో ఒక వ్యాసం రాశాడు. నేడు వాడుకలో ఉన్న డేటాబేసులలో ఎన్నో ఆయన చూపిన దారిలో నడిచేవే.

మంచి గుమాస్తాకు ఇంకో అలవాటుంది. ఏ పద్దునైనా అసలు పుస్తకంలో మార్చేముందు, ఏం మార్చబోతున్నాడో వేరే చోట రాసుకుంటాడు. మధ్యలో కరెంటు పోయిందనుకోండి. తిరిగి రాగానే ఆ రాత చూసుకుని, పూర్తయిన పద్దులు నిలుపుతాడు. సగంలో ఆగినవి కొట్టివేస్తాడు. కనుక సంబంధం కుదరనంత మాత్రాన లెక్కలు పోయాయని బెంబేలు పడకూడదు. తలుపు తెరుచుకోనంత మాత్రాన ఇంట్లో సామాను పోయినట్లా?

నాలుగు మజిలీలు

కౌంటరు కంప్యూటరు మాట వెనక గదిలోని గుమాస్తాకు చేరాలంటే నాలుగు మజిలీలు దాటాలి.

మొదటిది దారి. అంటే కేబులు గాని, వైఫై గాని.

రెండోది చిరునామా. కొట్లోని ప్రతి కంప్యూటరుకూ ఒక ఐపీ చిరునామా ఉంటుంది. సాధారణంగా కనబడే చిరునామాలో నాలుగు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు. ఉదాహరణకు 192.168.1.5.

మూడోది తలుపు. ఒకే కంప్యూటరులో ఎన్నో ప్రోగ్రాములు పనిచేస్తుంటాయి గనక, ఎవరి మాట వారికి చేరడానికి నంబర్లు వేసిన తలుపులుంటాయి. వీటిని పోర్టులంటారు. వీటి నంబర్లు 0 నుంచి 65535 దాకా ఉన్నాయి. మనం మార్చకపోతే మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు 3306వ తలుపు దగ్గర, పోస్ట్‌గ్రెస్ 5432 దగ్గర, మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ 1433 దగ్గర మామూలుగా కాచుకుని ఉంటాయి.

నాలుగోది గుర్తింపు. అంటే పేరు, పాస్‌వర్డు.

మూడు రకాల “లేదు”

మీరు స్నేహితుడి ఇంటికి వెళ్ళి పిలిచారు. మూడు రకాలుగా నిరాశ ఎదురుకావచ్చు.

ఒకటి: ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. ఇల్లు తప్పు కావచ్చు, దారి మూసి ఉండవచ్చు, లేదా కాపలావాడు మీ పిలుపును లోపలికి పోనివ్వకపోయి ఉండవచ్చు. కంప్యూటరులో ఈ కాపలావాణ్ణి ఫైర్‌వాల్ అంటారు. విండోస్ కంప్యూటర్లలో ఇలాంటప్పుడు కాసేపు ఎదురుచూశాక 10060 అనే నంబరు కనబడుతుంది.

రెండు: లోపలినుంచి ఎవరో, “మీరడిగే మనిషి ఇక్కడ లేడు” అన్నారు. ఇది 10061, అంటే నిరాకరణ. చూడండి, ఇది కూడా ఒక జవాబే! జవాబు వచ్చిందంటే దారి బాగానే ఉందని, ఆ చిరునామాలో ఎవరో ఉన్నారని తేలిపోయింది. సాధారణంగా ఆ తలుపు దగ్గర కాచుకుని ఉండేవాడే లేడన్నమాట.

మూడు: గుమాస్తాయే తలుపు తీసి, “నువ్వెవరో నాకు తెలియదు” అన్నాడు. అంటే పాస్‌వర్డు తప్పు. ఇక కేబుళ్ళు లాగి చూడడం దండుగ. మీరు అప్పటికే మూడు మజిలీలు దాటి గుమాస్తా ఎదుటే నిలబడ్డారు.

“లేదు” అనే మాటలో కూడా ఇంత సమాచారం ఉంది. అందుకే తెర మీది మాటను రాసి పెట్టమన్నాను.

ఇద్దరూ నిజమే చెప్పారు

కొట్టుకు వెళ్ళాను. కాగితం మీద 10061 అని ఉంది. కుర్రవాడు, “మాస్టారూ, 192.168.1.5కు పింగ్ కూడా చేశాను. జవాబు వస్తోంది. అంటే వెనక గదిలో గుమాస్తా ప్రోగ్రాము ఆగిపోయిందన్నమాట” అన్నాడు.

పింగ్ అంటే ఒక చిరునామాకు చిన్న కేక పంపి, తిరుగు కేక వస్తుందేమో చూడడం. అమెరికాలో మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో ఈ ప్రోగ్రాము రాశాడు. జలాంతర్గాములు నీటిలో శబ్దాన్ని పంపి ప్రతిధ్వని వింటాయి గదా, ఆ పరికరం చేసే చప్పుడును బట్టి దానికీ పేరు పెట్టాడు.

కుర్రవాడి తర్కం బాగానే ఉంది. కాని తర్కాన్ని పరీక్షించాలి. వెనక గదికి వెళ్ళి అక్కడే బిల్లుల ప్రోగ్రాము తెరిచాం. చక్కగా తెరుచుకుంది! మేస్త్రీల బాకీలన్నీ పైసలతో సహా కనబడ్డాయి. మా శిష్యుడు హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డాడు.

కాని చిక్కు విడలేదు, బిగిసింది. గుమాస్తా మెలకువగానే ఉన్నాడని వెనక గది అంటోంది. అక్కడ ఎవరూ లేరని కౌంటరు అంటోంది. రెండూ నిజాలే. ఇలా రెండు నిజాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే, మనం పరీక్షించకుండా నిజమనుకున్నది ఇంకేదో ఉందన్నమాట. ఏమిటది? మీరు కాసేపు ఆలోచించండి.

192.168.1.5 అనేది గుమాస్తా ఇల్లేనా? ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు!

వెనక గది కంప్యూటరులో ఐపీకాన్ఫిగ్ అనే ఆజ్ఞ ఇచ్చి చూశాం. దాని చిరునామా 192.168.1.8 అని ఉంది. మరి 5వ ఇంటినుంచి పింగ్‌కు పలుకుతున్నది ఎవరు? కొట్లో నెట్‌వర్కుకు కలిపిన ప్రింటరు ఒకటుంది. నాకు దాని మీద అనుమానం కలిగింది. అనుమానం నిజమైతే, ప్రింటరు ఆపగానే జవాబులు ఆగిపోవాలి. ఆపాం. ఆగిపోయాయి. తిరిగి వేశాం. కాసేపటికి జవాబులు మళ్ళీ మొదలయ్యాయి. దొంగ దొరికాడు!

జరిగిందేమిటంటే, కొట్లో చిరునామాలు పంచిపెట్టేది రౌటరు. ఆ రౌటరుకు కరెంటు పోయేసరికి, అంతకు ముందు ఎవరికి ఏది ఇచ్చిందో మరచిపోయింది. కరెంటు రాగానే ప్రింటరు ముందుగా లేచి 5వ నంబరు పుచ్చుకుంది. కంప్యూటరును తరువాత వేశారు గనక దానికి 8 దక్కింది. కౌంటరు కంప్యూటరులో మాత్రం గుమాస్తా చిరునామా 5 అనే రాసి ఉంది. వెనక గదిలో ఇబ్బంది లేకపోవడానికి కారణం, అక్కడ ప్రోగ్రాము తన కంప్యూటరులోనే ఉన్న గుమాస్తాను పిలుస్తుంది. దానికి 127.0.0.1 అనే సొంత చిరునామా ఉంది. ఏ కంప్యూటరైనా తన్ను తాను పిలుచుకునే చిరునామా అది.

ఇక మందు తేలికే. 5వ నంబరును వెనక గది కంప్యూటరుకే కేటాయించి ఉంచమని రౌటరులో నమోదు చేశాం. అన్నిటినీ ఒకసారి ఆపి వేశాం. కౌంటరు మీద బిల్లు పడింది.

అప్పుడు కుర్రవాడు మెల్లగా, “పొద్దున అంతా తీసేసి ఉంటే?” అన్నాడు. తీసేటప్పుడు లెక్కలున్న ఫోల్డరు కూడా పోయి ఉంటే, ఉగాది తరువాతి పద్దులు ఒక్కటీ మిగిలేవి కావు. పైగా కొత్తగా వేసినా చిరునామా 8 గానే ఉండేది. జబ్బు అక్కడే ఉండేది, లెక్కలు పోయేవి! ఆ రోజు బేరాలు సర్దుమణిగాక మేం చేసిన మొదటి పని లెక్కలన్నిటికీ పెన్‌డ్రైవులో నకలు తీయడం. అది కొట్లో కాక ఇంట్లో ఉంటుంది. ఇప్పుడు ప్రతి శనివారం కుర్రవాడే ఆ పని చేస్తున్నాడు.

మీ ఇంట్లోనో, మీకు తెలిసిన కొట్లోనో ఇలా జరిగితే ఈ వరుస గుర్తుంచుకోండి. తెర మీది మాట రాసుకోండి. చిక్కు ఒక్క కంప్యూటరులోనా, అన్నిటిలోనా చూడండి. గుమాస్తా ఉన్న కంప్యూటరులో తెరుచుకుంటుందేమో చూడండి. అక్కడా తెరుచుకోకపోతే ప్రోగ్రాము ఆగిందా, డిస్కు నిండిపోయిందా అని చూడాలి. అక్కడ తెరుచుకుంటే చిరునామా, ఆ తరువాత ఫైర్‌వాల్ చూడాలి. ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే దేనివల్ల బాగయిందో ఎన్నటికీ తెలియదు. నకలు తీయకుండా మాత్రం దేన్నీ తొలగించవద్దు.

చేసి చూడండి

మీ బడిలో కంప్యూటర్ల గది ఉంటే, ఉపాధ్యాయుల అనుమతితో ఒక కంప్యూటరు నుంచి పక్కదానికి పింగ్ చేయండి. తరువాత 127.0.0.1కు చేయండి. ఇప్పుడు నెట్‌వర్కు కేబులు ఊడదీసి రెండూ మళ్ళీ చేయండి. ఒకదానికి జవాబు ఆగిపోతుంది, రెండోదానికి వస్తూనే ఉంటుంది. ఏది ఆగింది? ఎందుకు? కారణం మీ నోటు పుస్తకంలో రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.