మళ్లీ గేమ్ జామ్‌కా? నిద్ర మానకండి!

కాలేజీ రోజుల్లో రెండు రాత్రులు కునుకు లేకుండా కూర్చుని గేమ్ తయారుచేసినవారే మీరు. గడ్డిఅన్నారంలో అద్దె గది, నలుగురు స్నేహితులు, పొద్దున్నే బండి మీద ఇడ్లీ, టీ. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు... ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు పాత మిత్రుడు ఫోన్ చేసి 'జామ్ ఉంది, వస్తావా?' అంటే మనసు ఉరకలేస్తుంది. తప్పకుండా వెళ్లండి. కాకపోతే, ఇది అప్పటి ఒళ్లు కాదని గుర్తుంచుకోండి.

ఆడటం వేరు, తయారుచేయడం వేరు

ఇచ్చిన అంశం మీద, గడువులోగా చిన్న గేమ్‌ను తయారుచేయడమే గేమ్ జామ్. 2002లో మొదలైన లుడుమ్ డేర్, 2009లో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్ వీటిలో పేరున్నవి. 'ఈ వయసులో ఆటలేంటి?' అని ఇంట్లో అడగొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చిన 'గేమింగ్ డిజార్డర్' ఆడటం అదుపు తప్పడానికి సంబంధించినది. గేమ్ తయారుచేయడం దాని కిందికి రాదు.

48 గంటల లెక్క

రెండు రాత్రులు ఏడేసి గంటలు నిద్రపోయినా 34 గంటలు మిగులుతాయి. తిండికీ, స్నానానికీ, నడకకీ ఆరు గంటలు తీసేయండి. ఇంకా 28 గంటలు ఉంటాయి. నాలుగు లెవెల్స్‌కు బదులు ఒకే లెవెల్ అనుకుంటే ఇవి సరిపోతాయి. నిద్రమత్తులో రాసిన కోడ్‌ను సరిచేయడానికే మర్నాడు సగం పూట పోతుంది.

బండి వద్దు, మెట్రో ముద్దు

వరసగా 17 గంటలు మేలుకుంటే మన చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం ప్రకారం వాహనం నడిపేవారికి హద్దు 0.03 శాతమే! అంటే చుక్క ముట్టకపోయినా ప్రమాదం తప్పదు. జామ్ హైటెక్ సిటీ వైపు అయితే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారండి. వచ్చేటప్పుడూ అంతే. వేళ దాటితే క్యాబ్ మాట్లాడుకోండి.

ఇవి పాటించండి

• కాఫీ తాగిన అయిదు గంటల తర్వాత కూడా అందులోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి సాయంత్రం నుంచి కాఫీ, ఎనర్జీ డ్రింకులు మానేయండి.

• ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. కళ్లకు విశ్రాంతి.

• గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. ల్యాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి, విడిగా కీబోర్డు వాడితే మెడ వంగదు.

• బీపీ, షుగర్ మాత్రలు సంచిలో పెట్టుకోండి. షుగర్ ఉన్నవారు వేళకు తినాల్సిందే. బిస్కెట్లు, చిప్స్‌తో సరిపెట్టొద్దు.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం తగ్గకపోతే మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమో చూపించుకోవాలి. ఒక కాలి పిక్కలో వాపు, నొప్పి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. కదలకుండా కూర్చుంటే రక్తం గడ్డకట్టే ముప్పుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక మాట ఇంట్లో ముందే చెప్పండి. ఆ రెండు రోజులు పిల్లల్ని ఎవరు చూసుకుంటారో, తర్వాతి వారాంతం ఎవరికి విశ్రాంతో మాట్లాడుకోండి. గేమ్ సగంలో ఆగినా ఫర్వాలేదు, దాన్ని తర్వాత పూర్తిచేసుకోవచ్చు. సోమవారం పొద్దున పాపను బడి దగ్గర దింపేటప్పుడు మీ కళ్లు తేటగా ఉంటే, వచ్చే ఏడాది జామ్‌కు మిమ్మల్ని ఇంట్లోవాళ్లే పంపుతారు.