వార్తల్లో పదం: తొక్కిసలాట

ఇరుకు చోట జనం పరిమితికి మించి చేరి, ఎవరి అడుగూ వారి అదుపులో లేకుండా పోయే స్థితి తొక్కిసలాటకు దారితీస్తుంది. చదరపు మీటరుకు ఐదుగురు దాటితే ముప్పు మొదలవుతుంది. ఆరేడుగురైతే వెనక నుంచి వచ్చిన ఒక్క తోపు వరుసలన్నీ దాటి ముందున్నవారి మీద పడుతుంది.

మరణాలకు ప్రధాన కారణం కాళ్ల కింద నలగడం కాదు, ఊపిరాడకపోవడం. నలువైపుల ఒత్తిడికి ఛాతీ విప్పారదు. నిలబడినవారు నిలబడినట్టే నిమిషాల్లో స్పృహ తప్పుతారు. ఒకరు పడితే ఆ ఖాళీలోకి పక్కవారు ఒరిగి, ఒకరిపై ఒకరు కూలుతారు.

కందుకూరులో 2022 డిసెంబరు 28న చంద్రబాబు నాయుడు రోడ్‌షోలో తోపులాట జరిగి పలువురు మురుగుకాల్వలో పడ్డారు. 8 మంది మరణించారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన 6 మంది భక్తులు బలయ్యారు.

విశాలమైన స్థలం, రాకపోకలకు వేర్వేరు దారులు, మూసిన కాల్వలు, జనసంఖ్యపై పరిమితి నిర్వాహకుల బాధ్యత. గుంపులో చిక్కినవారు చేతులు ఛాతీకి ముందు అడ్డం పెట్టుకోవాలి. తోపుకు ఎదురు నిలవకుండా, అది తగ్గినప్పుడల్లా ఏటవాలుగా అంచుకు జరగాలి. జారిన చెప్పు కోసం వంగకూడదు. పడిపోతే పక్కకు ముడుచుకుని తల, ఛాతీ కాపాడుకోవాలి.