మీకు తెలుసా? గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగితే గడువు దాటిపోవచ్చు

అమెరికాలో అసైలం, అంటే ఆశ్రయం, దొరికినవాళ్లలో కొందరు ‘ముందు గ్రీన్ కార్డు చేతికి రానీ, భార్యాబిడ్డల సంగతి తర్వాత చూద్దాం’ అనుకుంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కుటుంబాన్ని రప్పించుకోవడానికి చట్టం ఇచ్చిన తేలికైన దారికి రెండేళ్లే గడువు. ఆ రెండేళ్లూ ఆశ్రయం మంజూరైన రోజు నుంచే లెక్క. కార్డు ఎప్పుడొచ్చిందన్నదానితో దానికి సంబంధం లేదు.

ఆ దారి పేరు ఐ-730. 1980 మార్చి 17న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన శరణార్థుల చట్టం ఈ హక్కును ఇచ్చింది. భార్య లేదా భర్త, 21 ఏళ్లు నిండని పెళ్లికాని పిల్లలు దీని కిందికి వస్తారు. దరఖాస్తుకు ఫీజు లేదు. వాళ్లను పోషించగలనని ఆదాయం చూపించి హామీపత్రం రాయనక్కర్లేదు. ఏడాదికి ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు. స్వదేశంలో తమకూ ప్రాణభయం ఉందని వాళ్లు విడిగా రుజువు చేసుకోనక్కర్లేదు, అసైలం పొందిన మనిషితో ఉన్న బంధం రుజువైతే చాలు. ఒక్కొక్కరికీ వేరువేరుగా దరఖాస్తు పెట్టాలి. భార్య పేరున పెట్టిన కాగితంలోనే పిల్లలు కూడా వచ్చేస్తారనుకుంటే పొరపాటు.

అసైలం వచ్చాక ఒక సంవత్సరం అమెరికాలో ఉంటే గ్రీన్ కార్డుకు అర్హత వస్తుంది. ఒకప్పుడు అలాంటివాళ్లకు ఏడాదికి 10,000 కార్డులే ఇచ్చేవారు. క్యూ పెరిగిపోయి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. 2005 మే నెలలో వచ్చిన రియల్ ఐడీ చట్టం ఆ పరిమితిని ఎత్తేసింది. అయినా దరఖాస్తు పరిశీలనకు పట్టే సమయం పడుతుంది. ఒకరికి 2023 మార్చిలో అసైలం వచ్చిందనుకుందాం. కార్డు కోసం 2024 మార్చిలో దరఖాస్తు చేసి, అది వచ్చాకే ఇంటివాళ్ల కాగితాలు తీద్దామని కూర్చుంటే 2025 మార్చి దగ్గరపడిపోతుంది. కార్డు ముందే వచ్చినా ఐ-730 హక్కు పోదు. ప్రధాన దరఖాస్తుదారు ఆ రెండేళ్లలోపు గ్రీన్ కార్డుదారుగా కూడా అది పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియక, కార్డు వచ్చింది కదా ఇక మామూలు దారే అనుకుని పొడవైన క్యూలో నిలబడేవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది.

ఈ కార్డు మీద ఒక విశేషం ఉంది. శాశ్వత నివాసం ఎప్పటి నుంచి అన్న చోట, ఆమోదం వచ్చిన రోజుకు సరిగ్గా ఏడాది ముందు తేదీ వేస్తారు. పౌరసత్వానికి కావలసిన అయిదేళ్లలో ఒక ఏడాది అలా కలిసొస్తుంది. కుటుంబ దరఖాస్తు గడువుకు మాత్రం ఆ తేదీ ఏ రకంగానూ పనికిరాదు.

పెళ్లి తేదీ మరో ముఖ్యమైన సంగతి. ఆశ్రయం మంజూరైన రోజుకే భార్యాభర్తలై ఉండాలి. ఆ రోజుకు భార్య గర్భవతి అయితే, తర్వాత పుట్టిన బిడ్డకూ హక్కు ఉంటుంది. మంజూరయ్యాక పెళ్లి చేసుకుంటే ఐ-730 కుదరదు. గ్రీన్ కార్డుదారుగా మామూలు కుటుంబ పిటిషన్ ఐ-130 వేసి, గ్రీన్ కార్డుదారుల భార్యాభర్తలకు, పిల్లలకు ఉన్న ఎఫ్2ఏ వరుసలో ఎదురుచూడాలి. నెలనెలా వీసా బులెటిన్ చూసే తెలుగు ఇళ్లకు ఈ ఎఫ్2ఏ కొత్త మాటేమీ కాదు. అక్కడ ఫీజు ఉంది, కోటా ఉంది, పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం ఉందని చూపే హామీపత్రమూ ఉంది. ఇంకో చిక్కు: ప్రాణభయంతో పారిపోయి వచ్చిన మనిషి పెళ్లికోసం సొంత ఊరు వెళ్లలేడు. ఫోన్‌లోనో వీడియోలోనో పెళ్లి జరిపించేస్తే, ఆ తర్వాత ఇద్దరూ కలిసి కాపురం చేస్తే తప్ప అమెరికా వలస చట్టం దాన్ని పెళ్లిగా గుర్తించదు. అందుకే ఇద్దరూ మూడో దేశంలో కలుసుకుని పెళ్లి చేసుకోవడం మేలు.

పిల్లల వయసు విషయంలో చట్టం దయగానే ఉంది. 2002 ఆగస్టు 6న అమల్లోకి వచ్చిన బాలల హోదా పరిరక్షణ చట్టం ప్రకారం, తల్లో తండ్రో అసైలం దరఖాస్తు పెట్టిన రోజున బిడ్డకు ఎంత వయసో దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఆ రోజు 20 ఏళ్లున్న అమ్మాయికి తీర్పు వచ్చేసరికి 24 వచ్చినా ఆమె చట్టం దృష్టిలో బిడ్డే. అయితే పెళ్లి చేసుకోకూడదు. తీర్పు రాకముందే దరఖాస్తులో ఆమె పేరు ఉండి తీరాలి. వెనక ఉండిపోయిన పిల్లలకు ఏ ముప్పు వస్తుందో అన్న భయంతో పేర్లు దాచిపెట్టాలనిపించడం సహజమే. కానీ ఆ మౌనం తర్వాత చాలా ఖరీదు చేస్తుంది. పిల్లలందరి పేర్లూ రాయండి, వాళ్లు ఏ దేశంలో ఉన్నా సరే.

రెండేళ్లు దాటిపోతే? ఆశ పూర్తిగా వదులుకోనక్కర్లేదు. మానవతా కారణాలుంటే గడువు పొడిగించే అధికారం ఈ దరఖాస్తులు చూసే అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు ఉంది. ఎందుకు ఆలస్యమైందో వివరంగా రాసి, ఆధారాలు జతచేసి అడగాలి. యుద్ధంలో జనన ధ్రువపత్రాలు, పెళ్లి పత్రాలు తగలబడిపోయినవాళ్లు తెలిసినవారి ప్రమాణ పత్రాలతో, పిల్లల విషయంలో డీఎన్ఏ పరీక్షతో బంధాన్ని నిరూపించుకుంటారు.

ఇక తల్లిదండ్రులు, తోబుట్టువులు. వీళ్లకు ఐ-730 లేదు, గ్రీన్ కార్డుదారు వేసే ఐ-130 కూడా లేదు. పౌరసత్వం వచ్చి, 21 ఏళ్లు నిండితేనే వాళ్లకు పిటిషన్ వేయగలం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకైతే ఆ తర్వాత కూడా ఎఫ్4 క్యూ ఉంది. భారతీయులకు అది పదిహేనేళ్లకు పైనే పడుతోంది. ఈ నిబంధన అందరికన్నా ఎక్కువగా ఒంటరిగా వచ్చిన పిల్లల్ని దెబ్బతీస్తుంది. పద్నాలుగేళ్లకు అసైలం పొందిన కుర్రాడు వెనక ఉండిపోయిన అమ్మకోసం కనీసం ఏడేళ్లు ఆగాలి, ఈలోగా పౌరుడూ కావాలి. నా దృష్టిలో ఈ చట్టంలో అతి పెద్ద లోటు ఇదే. ఐరోపా సమాఖ్య 2003లో చేసిన కుటుంబ పునరేకీకరణ ఆదేశం, ఒంటరిగా వచ్చి శరణార్థి హోదా పొందిన బాలబాలికలు తల్లిదండ్రుల్ని రప్పించుకునే వీలు కల్పించింది. విచారణ సాగుతుండగా 18 నిండినా ఆ హక్కు పోదని 2018 ఏప్రిల్‌లో ఐరోపా న్యాయస్థానం తీర్పు కూడా ఇచ్చింది. అమెరికా చట్టంలో ఆ పిల్లలకు అలాంటి వెసులుబాటు లేదు.