గని పక్క ఊరికి రావాల్సిన వాటా.. మ్యాప్ గీసి చూద్దామా?

సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల పక్క ఊళ్లలో గుమ్మం మీద వేలు పెడితే నల్లదుమ్ము అంటుకుంటుంది. బొగ్గు ఊరు దాటిపోతుంది, దుమ్ము అక్కడే ఉండిపోతుంది. ఈ నష్టాన్ని కొంతైనా పూడ్చేందుకే 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టులు తెచ్చారు.

గని సంస్థ రాయల్టీకి అదనంగా ఈ ట్రస్టుకు డబ్బు కట్టాలి. వేలంలో దక్కిన లీజైతే రాయల్టీలో 10 శాతం, పాత లీజైతే 30 శాతం. 2024 మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం నిధులు తాగునీరు, కాలుష్య నియంత్రణ, ఆరోగ్యం, విద్య, నైపుణ్య శిక్షణ లాంటి వాటికే ఖర్చుపెట్టాలి. గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని నేరుగా ప్రభావితమైనదిగా లెక్కిస్తారు.

మరి డబ్బు ఆ ఊళ్లకే వెళ్తోందా? అది తేల్చే పని మనకు వచ్చు! ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌లో గని చుట్టూ 15 కిలోమీటర్ల వలయం గీయండి. మంజూరైన పనుల జాబితాను సమాచార హక్కు చట్టం కింద అడిగి, మ్యాప్ మీద గుర్తించండి. ఏ ఊరు మిగిలిపోయిందో ఇట్టే తెలుస్తుంది.

జీఐఎస్, పర్యావరణ ఉద్యోగాలకు వెళ్లేటప్పుడు చూపించడానికి సొంత ప్రాజెక్టు ఉంటుంది. గ్రామసభలో అడగడానికి ఆ ఊరికో ఆధారం దొరుకుతుంది.